అమెరికా పౌరుడైన గుంటూరువాడు దేనికి ప్రమాణం చేస్తున్నాడు?

అమెరికా పౌరసత్వం ఇచ్చే రోజున దరఖాస్తుదారులందర్నీ ఒక హాలులో నిలబెట్టి, కుడి చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయిస్తారు. గుంటూరు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, దర్శి చుట్టుపక్కల పత్తి, మిరప పండే ఊళ్ల నుంచి వెళ్లిన ఎన్నో కుటుంబాలు ఈ ప్రమాణం చేశాయి. ఆ ఫొటోలు వాట్సాప్‌లో ఊరికి వస్తాయి. చేతిలో చిన్న జెండా పట్టుకున్న కొడుకునో కోడలినో చూసి పెద్దవాళ్లు సంబరపడతారు. కొందరికి మనసులో ఎక్కడో కలుక్కుమంటుంది. పైకి అనకపోయినా, వీడిక మన దేశం వాడు కాదా అన్న బెంగ అది.

ముందు ఆ ప్రమాణంలో ఏముందో చూద్దాం. అందులో ముఖ్యమైనవి మూడు మాటలు. ఇంతవరకు ఏ దేశానికి, ఏ ప్రభువుకు విధేయుడిగా ఉన్నా ఆ విధేయతను పూర్తిగా వదులుకుంటున్నాను అన్నది మొదటిది. అమెరికా రాజ్యాంగాన్ని, చట్టాలను సమర్థించి కాపాడతాను అన్నది రెండోది. చట్టం కోరితే ఆయుధం పట్టి అయినా సేవ చేస్తాను అన్నది మూడోది. అందులో అధ్యక్షుడి పేరు ఉండదు. ఫలానా జాతివాడిగా, ఫలానా మతంవాడిగా మారతానన్న మాటా ఉండదు. కాపాడతానని ఒట్టు పెట్టేది ఒక లిఖిత పత్రాన్ని, దాని కింద నడిచే చట్టాలను.

ఈ ప్రమాణం దాకా రావాలంటే చాలా కాలం పడుతుంది. మొదట గ్రీన్ కార్డు (ఆ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి) రావాలి. అది వచ్చాక మామూలుగా ఐదేళ్లు ఆగాలి. తర్వాత ఇంగ్లీషు పరీక్ష, దేశ చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థల మీద మౌఖిక పరీక్ష ఉంటాయి. ఇదివరకు 100 ప్రశ్నల పట్టిక నుంచి 10 అడిగేవారు, 6 చెప్పగలిగితే చాలు. 2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకు పట్టిక 128 ప్రశ్నలైంది. వాటిలో 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి.

అయితే మనవాళ్లను ఆపుతున్నది పరీక్ష కాదు, గ్రీన్ కార్డు వరస. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదని చట్టం. చిన్న దేశానికీ అంతే, భారతదేశానికీ అంతే. హెచ్‌-1బి (నిపుణులకు ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా) పొందేవారిలో నూటికి డెబ్బైకి పైగా భారతీయులే కాబట్టి వరస దశాబ్దాల పొడవున సాగింది. ఇల్లు కొని, పన్నులు కట్టి, పిల్లల్ని కాలేజీలో చేర్చిన మనిషి కూడా కాగితం మీద తాత్కాలిక నివాసిగానే ఉంటాడు.

ఇదిప్పుడు ఎందుకు చెప్పుకోవాలంటే, అసలు అమెరికాను గొప్ప దేశం చేసింది ఏమిటి అన్న వాదన అక్కడ మళ్లీ వేడెక్కింది. ఆ జవాబును బట్టి ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని సొంతవారిగా లెక్కించాలి అన్నది తేలుతుంది.

స్థూలంగా రెండు జవాబులున్నాయి. ఒకటి ఆశయ జాతీయత (కొన్ని సూత్రాలను ఒప్పుకున్నవారంతా ఒకే జాతి అనే భావన). మనుషులంతా సమానులని 1776లో చేసిన ప్రకటన, దాని వెనక వచ్చిన రాజ్యాంగం అమెరికాను గొప్ప చేశాయనీ, వాటిని ఒప్పుకున్న ఎవరైనా అమెరికన్ కావచ్చనీ ఈ పక్షం అంటుంది. రెండోది మూలాల జాతీయత (పూర్వికులు, నేల, ఉమ్మడి అలవాట్లు కలిస్తేనే జాతి అనే భావన).

రెండో పక్షం వాదనను తేలిగ్గా తీసేయకూడదు. 2024 జులైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో ఆ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి.వాన్స్ దాన్ని స్పష్టంగా వినిపించారు. అమెరికా ఒక ఆలోచన మాత్రమే కాదు, ఉమ్మడి చరిత్ర, ఉమ్మడి భవిష్యత్తు ఉన్న ప్రజల సమూహం అన్నారాయన. తూర్పు కెంటకీలో తమ కుటుంబంలోని తరతరాల వారిని పూడ్చిన శ్మశానం గురించి చెప్పారు. మనుషులు సిద్ధాంతం కోసం కాదు, సొంత ఇంటి కోసం పోరాడతారన్నది ఆయన మాటల సారం. ఆ సభలో ఆయన్ను పరిచయం చేసింది భార్య ఉష చిలుకూరి. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. కొత్తవారు రాకూడదని వాన్స్ అనలేదు, కానీ రావలసింది మా షరతుల మీద అన్నారు.

తాతల నాటి పొలం ఉన్న రైతుకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. మాగాణి ధర పలుకుతున్నా గట్టు దగ్గర నాన్న సమాధి ఉందని అమ్మని కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్ని లేవు? అది నిజమైన ప్రేమ. కాకపోతే ఆ ప్రేమనే చట్టంగా మారిస్తే ఏమవుతుందో అమెరికా చరిత్రలోనే ఉంది.

1790లో చేసిన చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికి మాత్రమే పౌరసత్వం. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా ఆ చట్టం దృష్టిలో తెల్లవాడు కాడు కాబట్టి పౌరుడు కాలేడని కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన మరికొందరు భారతీయులకూ అది పోయింది.

ఆ రోజుల్లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ మందులు ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఆసియావాసులకు అడ్డుగా ఉన్న ఆ గోడను భారతీయుల కోసం 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం తొలగించింది, కానీ కొత్తగా వలస వచ్చేందుకు ఏడాదికి 100 మందికే చోటిచ్చింది. సుబ్బారావు 1948లో కన్నుమూశారు, అమెరికా పౌరుడు కాకుండానే. పాతికేళ్లు ఒక దేశపు రోగుల కోసం పనిచేసిన మనిషికి ఆ దేశాన్ని సొంతమనుకునే హక్కు లేదని అందులో చాలా ఏళ్లపాటు చట్టం చెప్పింది. ఈ వాదనలో నేను ఆశయ జాతీయత పక్షాన ఉండటానికి ఆయన జీవితం ఒక ముఖ్య కారణం.

తలుపు నిజంగా తెరుచుకుంది 1965లో. ఆ ఏడాది అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పంచే పాత పద్ధతిని ఎత్తేసింది. చదువుకు, వృత్తి నైపుణ్యానికి, కుటుంబ బంధాలకు ప్రాధాన్యం వచ్చింది. వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే చట్టం కూడా అదే ఏడాది రావడంతో అక్కడ డాక్టర్ల అవసరం పెరిగింది. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్లు బయల్దేరారు. వాళ్ల పూర్వ విద్యార్థుల సంఘాన్ని గుంటూరులో జింకానా అంటారు. ఆ సంఘం వారి విరాళాలతో లేచిన భవనాలు ఇవాళ గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నాయి. అక్కడ ప్రమాణం చేసినంత మాత్రాన ఇక్కడి మమకారం పోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు మన చట్టం సంగతి. అమెరికా తన పౌరుడికి ఇంకో పౌరసత్వం ఉన్నా పెద్దగా పట్టించుకోదు. పట్టించుకునేది భారతదేశం. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా తన ఇష్టంతో మరో దేశపు పౌరుడైతే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు అప్పగించాలి. ఓటు ఉండదు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవారు స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు. 2024 మేలో మన రాష్ట్ర ఎన్నికలకు అలా ఎంతోమంది విమానాల్లో వచ్చారు. ప్రమాణం చేశాక ఆ హక్కు లేదు. దాని బదులు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి జీవితకాల వీసా) తీసుకోవచ్చు. ఆ కార్డుతో వ్యవసాయ భూమి కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన చేను మాత్రం ఉంచుకోవచ్చు.

ఈ గీత ఎంత గట్టిదో వేములవాడ ఎమ్మెల్యేగా పనిచేసిన చెన్నమనేని రమేశ్ కేసు చూపించింది. ఆయన జర్మనీ పౌరసత్వం పొంది, తిరిగి 2009లో భారత పౌరసత్వం తీసుకుని ఎన్నికల్లో గెలిచారు. అది సరైన వివరాలతో పొందినది కాదన్న వివాదం ఏళ్లకేళ్లు నడిచింది. ఆయన జర్మన్ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది.

కాబట్టి చట్టం లెక్కలో దేశం ఒకటే. మనసు లెక్కలో రెండు ఉండవచ్చు, అందులో తప్పు లేదు. కొత్త దేశం మీద భక్తి అంటే ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న. ప్రభుత్వం ఏం చేసినా బాగుందనడమా? మా దేశమే గొప్పదని ఊదరగొట్టడమా?

ఇక్కడ మన చీరాలను గుర్తు చేసుకోవాలి. అప్పట్లో అది గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశంలోకి, ఇప్పుడు బాపట్లలోకి వచ్చింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి బ్రిటిష్ ప్రభుత్వం పన్నులు పెంచింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లకు తాళాలు వేసి, ఊరు విడిచి, పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండలో, వానలో, ముసలీ ముతకాతో పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. చివరికి తిరిగి రాక తప్పలేదు. వాళ్లు విడిచింది పుట్టి పెరిగిన నేలనే. మమ్మల్ని అడక్కుండా మా మీద పన్ను వేయకూడదన్న సూత్రం కోసం విడిచారు. వాళ్ల దేశభక్తి ప్రభుత్వంతో తగాదాగానే బయటపడింది. వారికి దారి చూపిన గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదువుకుని వచ్చినవాడు.

మళ్లీ అమెరికాకు వస్తే, 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలాతేలో ఒక బారులో హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు నా దేశం నుంచి పొండని అరిచి కాల్చి చంపాడు. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల యువకుడు అతన్ని ఆపడానికి వెంటపడ్డాడు. తూటా అతని చేతిని, ఛాతీని చీల్చుకుంటూ పోయింది. తర్వాత హ్యూస్టన్‌లోని భారతీయులు అతనికి ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కాల్చినవాడూ, ఆపబోయినవాడూ ఇద్దరూ అమెరికన్లే. నా దేశం అన్న మాటకు ఇద్దరూ రెండు అర్థాలిచ్చారు. దేశాన్ని గొప్ప చేసేది ఏదని నన్నడిగితే గ్రిలట్‌ను చూపిస్తాను.

ఆ హత్య తర్వాత బయట తెలుగు మాట్లాడవద్దని, తగాదాలకు పోవద్దని అక్కడి మన సంఘాల్లో కొందరు జాగ్రత్తలు చెప్పారు. ఇక్కడి తల్లిదండ్రులూ ఫోనులో అదే చెప్పారు. మనకెందుకు నాయనా, తల వంచుకుని మన పని మనం చూసుకుందాం అని. ప్రాణభయంతో చెప్పిన మాటను తప్పుపట్టలేం. వీసా మీద ఉన్నవాడికి అది అవసరం కూడా. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అదే ఏడాది జనవరిలో, తాత్కాలిక వీసాదారులకు అక్కడ పుట్టే పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఉండదన్న ఉత్తర్వు వచ్చింది, దాన్ని కోర్టులు అడ్డుకున్నాయి. 1868 నాటి 14వ సవరణ మీద ఆ కేసు నడిచింది. ఇలాంటి కాలంలో నోరు విప్పడానికి జంకడం సహజం.

కానీ పౌరుడైనవాడి సంగతి వేరు. అతను కాపాడతానని ఒట్టు పెట్టిన రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛ మొదటి సవరణలోనే ఉంది. అమెరికాను గొప్ప చేసేది ఏది అన్న వాదనలో కూర్చోవడం అతనికి ఎవరో దయతో ఇచ్చిన అవకాశం కాదు, అతని విధి. మనవాళ్లు చాలామంది ఆంధ్రా ఎన్నికల మీద అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు, తమ పిల్లలు చదివే స్కూలు బోర్డు ఎన్నిక రోజున మాత్రం ఇంటి నుంచి కదలరు. ఇది మారాలి.

ఎవరిని సొంతవారిగా లెక్కించాలన్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో మిరపకోతకు వచ్చి, చేల పక్కన గుడారాల్లో నెలల తరబడి ఉండే కుటుంబాలను మన ఊళ్లు ఎలా చూస్తున్నాయి? వాళ్లు పరాయి దేశం వాళ్లు కూడా కారు.

మీ ఇంట్లో ఎవరైనా ఆ హాలులో చెయ్యెత్తబోతుంటే, ముందు రోజు ఫోనులో ఆ ప్రమాణం మొత్తం చదివించుకోండి, అర్థం చెప్పించుకోండి. బాధపడాల్సింది అందులో ఏమీ లేదు. మర్నాడు ఫొటో వచ్చాక, తల వంచుకుని ఉండమన్న పాత సలహా మాత్రం ఇక ఇవ్వకండి. ఓటు నమోదు చేసుకున్నావా అని అడగండి.