తొక్కితే ఆగిపోయే చక్రాల పీట: లోపల ఏముంది, మన ఊళ్లో చేయించుకోవచ్చా?

రంజాన్ నెల దగ్గర పడుతుంటే సత్తెనపల్లిలో చాలా ఇళ్లలో ఒకటే హడావుడి. సజ్జ మీద ఏడాదిగా దుమ్ము పట్టి ఉన్న దేగిశాలు, పెద్ద పళ్లాలు, ఇఫ్తార్‌కు బయటికి తీసే గ్లాసుల పెట్టెలు కిందికి దిగుతాయి. దించేది ఎక్కువగా అమ్మీనో దాదీనో. ఏ గిన్నె ఏ మూలన ఉందో వాళ్లకే తెలుసు మరి. ఎక్కేది ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ అందకపోతే దాని మీద ఇంకో పీట.

ప్లాస్టిక్ కుర్చీ కూర్చోవడానికి చేసిన వస్తువు. మనిషి కూర్చుంటే బరువు సీటంతా పరుచుకుంటుంది. నిలబడితే ఆ బరువు రెండు పాదాల మీద, ఎక్కేటప్పుడైతే ఒక్క పాదం మీద, అదీ సీటు అంచున పడుతుంది. నున్నటి టైల్స్ మీద కుర్చీ కాళ్లు పక్కకు జారతాయి. ఆ తర్వాత సంగతి ఎముకల డాక్టర్లకు బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా కింద పడటం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. వాళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా బలహీనపడతాయి. ఇరవై ఏళ్ల కూతురు పడితే మోచేయి గీరుకుంటుంది, అరవై ఏళ్ల తల్లి అదే ఎత్తు నుంచి పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఆపరేషన్, నెలల తరబడి మంచం, ఇంట్లో ఒకరు పని మానుకోవడం. ఈ ఖర్చు ముందు ఒక మంచి పీట ఖరీదు ఏపాటిది?

ఆ మంచి పీట ప్రపంచంలో ఎప్పటి నుంచో ఉంది. అమెరికా, యూరప్‌ల లైబ్రరీల్లో, ఆఫీసుల్లో పుస్తకాల అరల మధ్య గుండ్రంగా, కింద వెడల్పుగా, పైన సన్నగా, బోర్లించిన బకెట్ లాంటి స్టూలు ఒకటి తిరుగుతూ ఉంటుంది. అమెరికాలో క్రామర్ కంపెనీ ‘కిక్ స్టెప్’ పేరుతో అమ్ముతుంది. జర్మన్లు దాన్ని ‘ఏనుగు కాలు’ అంటారు, చూడటానికి అలాగే ఉంటుంది కాబట్టి. చేతుల్లో పుస్తకాలు ఉన్నవాళ్లు దాన్ని వంగి ఎత్తక్కర్లేదు. కాలితో ఒక తోపు తోస్తే కావాల్సిన చోటికి దొర్లుతుంది. ఎక్కగానే కదలకుండా నేలకు అతుక్కుంటుంది. దిగితే మళ్లీ దొర్లుతుంది. మీట లేదు, బ్రేకు లేదు, కరెంటు లేదు.

రహస్యమంతా కింది చక్రాల్లో ఉంది. స్టూలు కింద మూడు క్యాస్టర్ చక్రాలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక స్ప్రింగ్ కింద వేలాడుతుంది. ఎవరూ ఎక్కనప్పుడు స్ప్రింగులు స్టూలును కొద్దిగా, అంటే కొన్ని మిల్లీమీటర్లు, నేల నుంచి పైకి ఎత్తి పట్టుకుంటాయి. బరువు పడగానే స్ప్రింగులు కుంగుతాయి, చక్రాలు లోపలికి పోతాయి, స్టూలు అడుగున ఉన్న రబ్బరు అంచు నేలను తాకుతుంది. ఇక మనిషి బరువులో ఎక్కువ భాగం మోసేది ఆ అంచే.

మూడు చక్రాలే ఎందుకో మన నానీలకు చెప్పనక్కర్లేదు. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. నాలుగు కాళ్ల బల్లకు మాత్రం ఒక కాలి కింద అట్టముక్క పెట్టాల్సి వస్తుంది.

బ్రేకు ఉన్న మామూలు చక్రాలు వేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఫ్యాన్సీ బల్లలకు, సామాన్ల ట్రాలీలకు అవి ఉంటాయి, కాలితో మీట నొక్కాలి. ఆ మీట నొక్కడం రోజూ గుర్తుండదు. పైన పాలు పొంగుతుంటే అసలే గుర్తుండదు. ముడుచుకునే చక్రాలకు జ్ఞాపకశక్తితో పని లేదు. ఎక్కే బరువే దానికి బ్రేకు. ఈ స్టూలును ఆలోచించినవాళ్ల తెలివంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

ఇక అసలు డిజైన్ లెక్కకు వద్దాం. స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలి? స్టూలు బరువు 5 కిలోలు, అంచుకూ నేలకూ మధ్య ఖాళీ 4 మిల్లీమీటర్లు అనుకుందాం. స్ప్రింగులను బిగించేటప్పుడే కొంచెం నొక్కి పెడతారు, ఒక్కొక్కటి 2.5 కిలోల బలంతో పైకి తోసేలా. మూడూ కలిస్తే 7.5 కిలోలు. స్టూలు సొంత బరువు కంటే ఇది 2.5 కిలోలు ఎక్కువ, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు అంచు నేలకు తగలదు. ఇంతవరకూ బాగుంది.

ఇప్పుడు వర్క్‌షాపువాళ్లు “గట్టిగా ఉంటే మన్నుతుంది” అని గట్టి స్ప్రింగ్ వేశారనుకోండి. ఒక్క మిల్లీమీటరు కుంగడానికి కిలో బరువు కావాలి. నాలుగు మిల్లీమీటర్లు కుంగాలంటే ఒక్కో స్ప్రింగ్ మీద 6.5 కిలోలు, మూడింటి మీద 19.5 కిలోలు పడాలి. స్టూలు బరువు తీసేస్తే ఎక్కే మనిషి 14.5 కిలోలైనా మోపాలి. పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. కానీ ఇంట్లో 12 కిలోల పసివాడు ఉంటాడు, బిస్కెట్ డబ్బా ఎక్కడుందో వాడికి తెలుసు. వాడు ఎక్కితే స్ప్రింగులు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు కుంగి ఆగిపోతాయి. అంచు నేలను తాకదు. ఒక్క మిల్లీమీటరు కూడా లేని ఆ ఖాళీతో స్టూలు ఇంకా చక్రాల మీదే ఉంటుంది. పిల్లవాడు చెయ్యి చాచగానే కింద నుంచి జారిపోతుంది.

మెత్తటి స్ప్రింగ్ వేస్తే, అంటే మిల్లీమీటరుకు 400 గ్రాములు చాలేది వేస్తే, ఒక్కో స్ప్రింగ్ మీద 4.1 కిలోలు, మొత్తం 12.3 కిలోలకే అంచు నేలను తాకుతుంది. స్టూలు బరువు పోను 7.3 కిలోలు చాలు. పసివాడు ఎక్కినా ఆగుతుంది. దీనిలో ఇంకో లాభం కూడా ఉంది. 70 కిలోల మనిషి ఎక్కితే స్టూలుతో కలిపి 75 కిలోలు. మెత్తటి స్ప్రింగులు మోసే 12.3 కిలోలు పోను దాదాపు 63 కిలోలు రబ్బరు అంచు మీదే పడతాయి. గట్టి స్ప్రింగులైతే 55.5 కిలోలే. అంచు మీద ఎంత బరువు పడితే పట్టు అంత గట్టిది. “గట్టి స్ప్రింగే మంచిది” అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఎక్కేటప్పుడు అందరూ బరువంతా ఒక్కసారి వేయరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు పాదం ఆనించి, మెల్లగా బరువు మోపుతారు. గట్టి స్ప్రింగ్ ఉన్న స్టూలు ఆ తేలిక పాదానికి ముందుకు జరిగిపోతుంది. మెత్తటి స్ప్రింగ్ కావాలనడానికి ఇది రెండో కారణం.

మన పల్నాడుకు సంబంధించిన చిక్కు ఒకటుంది. లైబ్రరీ స్టూలు నున్నటి గచ్చు కోసం పుట్టింది. మన పాత ఇళ్లలో నేల నాపరాయి. రాళ్ల మధ్య సందులు, ఒక బండ కాస్త పైకి, ఇంకోటి కాస్త కిందికి. గుండ్రటి అంచు అలాంటి నేల మీద అన్ని చోట్లా తాకదు, కొద్దిగా ఊగుతుంది. దీనికి చాలామందికి తట్టే ఉపాయం ముక్కాలి పీట ఉపాయమే: అంచు తీసేసి, చక్రాల మధ్య మూడు రబ్బరు బుడిపెలు పెట్టడం. ఊగదు, నిజమే. కానీ పడిపోతుంది. అడుగు వ్యాసం 43 సెంటీమీటర్లు ఉన్న స్టూలులో గుండ్రటి అంచు ఉంటే మధ్య నుంచి ఏ వైపు చూసినా 21.5 సెంటీమీటర్ల ఆధారం ఉంటుంది. మూడు బుడిపెలు పెడితే ఆ మూడింటినీ కలిపే త్రికోణం భుజం మధ్యకు 10.75 సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేస్తుంది, అంటే సరిగ్గా సగం. కొంచెం పక్కకు వంగినా స్టూలు ఒరుగుతుంది. ఊగకుండా చేయబోయి ఒరిగేలా చేసినట్టు. నాపరాయి ఇంటికి సరైన దారి గుండ్రటి అంచే ఉంచి, దానికి మందమైన మెత్తటి రబ్బరు తొడగడం. బండల ఎగుడుదిగుడును రబ్బరు కొంత మింగేస్తుంది. చక్రాలు కూడా పెద్దవి వేయాలి, చిన్నవైతే సందులో ఇరుక్కుంటాయి.

ఎత్తు సంగతి. యూరప్ స్టూళ్లు సుమారు 43 సెంటీమీటర్లు ఉంటాయి, రెండు మెట్లు, 150 కిలోలు మోస్తాయని రాసి ఉంటుంది. అక్కడ మెట్ల స్టూళ్లకు ఈఎన్ 14183 అనే ప్రమాణం కూడా ఉంది. అమెరికా కిక్ స్టెప్ సుమారు 36 సెంటీమీటర్లే. పెద్దవాళ్లున్న ఇంటికి పొట్టిదే మేలు. రెండు మెట్లకు పంచితే ఒక్కో మెట్టు 18 సెంటీమీటర్లు, మన డాబా మెట్టుకు దగ్గరగా ఉంటుంది. ఏడు సెంటీమీటర్లు తక్కువ అందుతుందన్న మాట నిజమే. ఆ చివరి ఏడు సెంటీమీటర్ల అవతల బరువైన దేగిశా ఎందుకు పెట్టాలన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఖుర్ఆన్‌ను ఇంట్లో అన్నిటికంటే ఎత్తున ఉంచే అలవాటు మనది. ఆ తాఖ్ కింద ఇనప్పెట్టె, బియ్యం డబ్బా లాంటివి ఉంటే పీట గోడకు ఆనదు, చెయ్యి చాచాల్సి వస్తుంది. పీట నిలబడే జాగా కింద ఖాళీగా ఉంచుకోవడం కూడా డిజైన్‌లో భాగమే.

పై మెట్టు మీద గీతలున్న రబ్బరు షీటు తప్పనిసరి. వుజూ చేసిన తడికాళ్లతో నున్నటి ఇనుము మీద నిలబడితే స్ప్రింగులు ఎంత బాగా పనిచేసినా లాభం లేదు.

సత్తెనపల్లిలో వెల్డింగ్ షాపులు, లేత్ షాపులు తిరిగితే ఇలాంటిది చేయించడం అసాధ్యమేమీ కాదు. కంపెనీవాళ్లు రేకును అచ్చులో నొక్కి గోపురంలా తీస్తారు, ఆ మిషన్ ఇక్కడ అక్కర్లేదు. చదరపు పైపుతో ఫ్రేమ్ కట్టి, అడుగున రేకు పట్టీతో అంచు వేసి, పైన ప్లైవుడ్ బిగించవచ్చు. అడుగు చదరమైనా ఫరవాలేదు, భుజం 43 సెంటీమీటర్లుంటే మధ్య నుంచి అంచుకు అదే 21.5 వస్తుంది. నిలువు కడ్డీ ఉన్న క్యాస్టర్ తీసుకుని, ఆ కడ్డీ పైకీ కిందికీ ఆడేలా ఒక పైపు గొట్టం, గొట్టంలో స్ప్రింగ్, కడ్డీ ఊడి రాకుండా పైన ఒక పిన్ను. శ్రద్ధ పెట్టాల్సింది ఈ గొట్టం దగ్గరే. బిగువుగా చేస్తే తుప్పు పట్టి కడ్డీ ఇరుక్కుంటుంది.

ఇరుక్కోవడం రెండు రకాలు. స్ప్రింగ్ విరిగితే చక్రం లోపలికి పోతుంది, స్టూలు నేల మీద కూర్చుంటుంది. దొర్లదు, అంతే, ప్రమాదం లేదు. కడ్డీ బయటికి వచ్చిన చోటే బిగుసుకుపోతే మాత్రం మనిషి ఎక్కినా చక్రం లోపలికి పోదు, స్టూలు చక్రాల మీదే ఉంటుంది. అందుకే గొట్టం కాస్త వదులుగా ఉండాలి, కడ్డీకి జింక్ పూత ఉండాలి. వంటనూనె, గ్రీజు పూయకూడదు, వాటికి దుమ్ము అంటుకుని జిగురవుతుంది. పరుపులు కుట్టే నూర్‌బాషాల ఇళ్లలో దూది నూగు, మిషన్ కుట్టే ఇళ్లలో దారాలు, అన్ని ఇళ్లలో తలవెంట్రుకలు ఈ చక్రాలకు చుట్టుకుంటాయి. నెలకోసారి తిరగేసి కత్తెరతో తీసేయాలి.

డబ్బు చేతికిచ్చే ముందు షాపులోనే పరీక్షించుకోవాలి. ఒక అరచేత్తో పైమెట్టు మధ్యలో గట్టిగా నొక్కండి. రబ్బరు నేలకు ఆనాలి, ఆ స్థితిలో రెండో చేత్తో తోస్తే కదలకూడదు. చెయ్యి తీస్తే మూడు చక్రాలూ వెంటనే బయటికి రావాలి. తర్వాత మధ్యలో కాకుండా అంచున మూడు వైపులా నొక్కి చూడండి, ఎటు నొక్కినా అటువైపు అంచు నేలను పట్టుకోవాలి. ఆఖరున ఏడెనిమిది కిలోల బియ్యం సంచి పెట్టి తోయండి. సంచి పెట్టినా దొర్లుతుంటే స్ప్రింగులు మార్చమనండి.

వాడకంలో రెండు విషయాలు. ఒకటి, పై మెట్టు మీద నిలబడి పక్కకు సాగకూడదు. బొడ్డు స్టూలు అంచు దాటుతోందంటే దిగి, స్టూలును జరుపుకోవాలి. జరపడానికే కదా చక్రాలు. రెండు, ప్రమాదం ఎక్కువగా దిగేటప్పుడే. ఒక కాలు నేల మీద పెట్టగానే స్టూలు మీది బరువు తగ్గిపోతుంది, చక్రాలు మళ్లీ బయటికి వస్తాయి, పైనున్న రెండో కాలితో పాటు స్టూలు వెనక్కి జరగవచ్చు. గోడనో అల్మరానో పట్టుకుని, స్టూలు వైపే ముఖం పెట్టి, చీర కుచ్చిళ్లు, బుర్ఖా అంచు అడుగున పడకుండా చూసుకుని దిగాలి. తల తిరిగే జబ్బున్నవాళ్లు, ఒంటికాలి మీద క్షణం నిలబడలేనివాళ్లు ఏ పీటా ఎక్కకపోవడమే మంచిది. వాళ్ల కోసం ఇంట్లో కుర్రాళ్లు ఎక్కాలి.

పని అయ్యాక స్టూలును బల్ల కిందికి తోసేయండి. వంటింటి గట్టు పక్కన వదిలేస్తే అది పిల్లలకు మెట్టవుతుంది. స్టూలు ఆగుతుంది సరే, దాని మీద నుంచి వాళ్ల చెయ్యి పొయ్యి మీది గిన్నెకు అందుతుంది.