ద్వారబంధం పక్కన పగులు - దాచదగినదా?

కొత్త ఇంట చేరిన ఏడాదికే ద్వారబంధానికీ గోడకూ మధ్య సన్నని గీత కనిపించడం నేడు సర్వసాధారణమైంది. చూడగానే మేస్త్రీని మోసగాడని నిందించడమూ తగదు, పుట్టీ పూసి మరచిపోవడమూ తగదు. ముందు కారణం తెలుసుకోవాలి.

కలపలోని తేమ ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది. నిలువునా ఈ మార్పు అత్యల్పం, అడ్డంగా అధికం. సిమెంటు పూత కూడా ఆరేటప్పుడు కొంత ముడుచుకుంటుంది. అందుచేత రెండూ కలిసేచోట వెంట్రుకవాసి చీలిక ఏర్పడటం సహజం. ఒక వేసవి, ఒక వర్షాకాలం గడిచాక, పైన రంగు వేయడానికి వీలైన సాగే అక్రిలిక్ సీలెంటుతో పూడిస్తే చాలు. గట్టిపడే పుట్టీ అయితే మళ్లీ చీలుతుంది.

చీలిక నానాటికీ వెడల్పవుతున్నా, తలుపు వేసినప్పుడు ద్వారబంధం కదులుతున్నా సంగతి వేరు. పచ్చి కలప వాడి ఉండవచ్చు. గోడలో బిగించే హోల్డ్‌ఫాస్టులు చాలకపోయి ఉండవచ్చు, వాటి చుట్టూ కాంక్రీటు సరిగా నింపకపోయి ఉండవచ్చు. పైన బీడింగు కొట్టి కప్పితే లోపం తొలగదు, చెదలకు చాటు దొరుకుతుంది.

ధర్మం ప్రశ్నించేది ఈ కప్పివేతనే. మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా వ్రేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని యజమాని చెప్పగా, ప్రజలకు కనిపించేలా ఆ గింజలను పైన ఎందుకు ఉంచలేదని మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనం గమనించండి: వాన కురవడం ఆ వర్తకుని నేరం కాదు, తడిని అడుగున దాచడం నేరం.

వ్యాపారుల వాడుకలో ధరను తగ్గించే లోపాన్ని ఫిఖహ్ పండితులు ‘ఐబ్’ అన్నారు. అది తెలియక కొన్నవానికి సరుకు తిరిగి ఇచ్చే హక్కు ఉంది. దీనినే ‘ఖియారుల్ ఐబ్’ అంటారు. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ కూడా, తన పరిధిలోని ఇళ్ల విషయంలో, స్వాధీనం చేసిన 5 సంవత్సరాలలోపు పనితనపు లోపాన్ని తెలియజేస్తే నిర్మాణదారుడు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలంటున్నది. కనుక ఫొటో తీసి, తేదీ వేసి, లిఖితపూర్వకంగా తెలపండి.

ఈ బాధ్యత బిల్డరుతో ముగియదు. ఇల్లు అమ్మబోయే ముందు రంగు వేయించే మనకూ వర్తిస్తుంది. రంగు వేయించడంలో తప్పు లేదు. ఊగే ద్వారబంధాన్ని మాత్రం కొనేవానికి స్వయంగా చూపించండి, లేదా బాగుచేయించి అమ్మండి. నిజం పలికి, లోపం వెల్లడించిన క్రయవిక్రయాలకు బర్కత్ లభిస్తుందనీ, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు.