పాత మోటారుకారు దీపాలు – వాటి వెండి దర్పణాలు

పురాతనమైన మోటారుకారును చూడవచ్చినవారు దాని ఇంజను గూర్చి అడుగుతారు. రంగు గూర్చి, తోలు గద్దెల గూర్చి అడుగుతారు. ముందరి దీపాలలో గిన్నెవలె అమర్చిన దర్పణం గూర్చి అడిగేవారు బహు అరుదు. చీకటిపడిన తరువాత ఆ బండి బాటమీదికి వస్తే, లోపల కూర్చున్నవారి క్షేమం మాత్రం చాలవరకు ఆ గిన్నెమీదనే ఆధారపడి ఉంటుంది.

మాకు పరిచితులైన ఒక వృద్ధుల ఇంట 1930 నాటి ఫోర్డు 'మోడల్ ఏ' కారు ఉన్నది. 1927 చివర ప్రారంభమై 1932 ఆరంభంలో ముగిసేలోగా 48 లక్షలకు పైగా తయారైన రకమది. తమ మనుమరాలి పెండ్లి ఊరేగింపు ఆ కారులోనే జరగాలని ఆయన కోరిక. ఇంజను నిక్షేపంగా నడుస్తున్నది. దీపాలు మాత్రం వెలిగించినా వెలిగించనట్లే ఉన్నవి. “బాబూ, ఈ దీపాలతో నాకు కనబడేదేమీ లేదు, ఎదుటివాడికి నేను కనబడితే అదే పదివేలు” అని ఆయన అన్నారు. భౌతికశాస్త్రం చదివిన అభిమానంతో ఆ పని మేము ముగ్గురం నెత్తిన వేసుకొన్నాము.

ఆ గిన్నె ఆకారాన్ని గణితంలో పరావలయం అంటారు. దాని నాభివద్ద ఉంచిన దీపపు కిరణాలు గోడలకు తగిలి, సమాంతరంగా ముందుకు సాగుతవి. ఈ ధర్మం మోటారుకార్ల కంటె ఎంతో పాతది. 965లో బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైతమ్, సూర్యకాంతిని ఒక బిందువువద్దకు చేర్చి నిప్పు పుట్టించే పరావలయ దర్పణాలపై అరబ్బీలో ఒక గ్రంథమే రచించినాడు. ఆయన కాంతిని లోపలికి రప్పించగా, కారు దీపం దానినే బయటికి పంపుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల లోతు గల గిన్నెకు నాభి అడుగునుండి సుమారు 3.1 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. బల్బులోని తీగ అక్కడినుండి రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా కాంతిపుంజం చెదిరిపోతుంది.

ఆ రోజులలో గిన్నెను ఇత్తడి రేకుతో చేసి, లోపల వెండిపూత పూసేవారు. ఇది ఆడంబరం కాదు. కంటికి కనిపించే కాంతిలో నూటికి దాదాపు 95 పాళ్ళు వెండి తిప్పి పంపుతుంది. అల్యూమినియం 90 పాళ్ళకు కొంచెం అటూ ఇటూగా పంపుతుంది. క్రోమియం పంపేది 65 పాళ్ళే. క్రోమియం కంటికి మిలమిలలాడుతూ కనిపించుటచేత అనేకులు మోసపోతారు. మేము సంప్రదించిన పూతపనివారొకరు కూడ “క్రోమియం వేయించండి సాబ్, జన్మలో నల్లబడదు” అన్నారు. నల్లబడని మాట నిజమే. కాని మూడవవంతు వెలుగును శాశ్వతంగా వదులుకోవలసి వస్తుంది.

వెండికున్న శత్రువు గంధకం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడు సోకి, వెండి ఉపరితలం సిల్వర్ సల్ఫైడుగా మారి, మొదట పసుపుగాను, పిదప గోధుమరంగుగాను, చివరకు నల్లగాను అవుతుంది. దీపపు అద్దానికి, చట్రానికి నడుమ ఉండే బెండు పట్టీ ఎండి పగిలితే ధూళి, చెమ్మ, ఈ వాయువు అన్నీ లోనికి ప్రవేశిస్తవి. పది పైసల పట్టీ పాడైతే వెండి పాడవుతుంది.

ఇక్కడ మా తప్పిదాన్ని ఒప్పుకొనవలసి ఉన్నది. ఎడమ దీపాన్ని విప్పి, ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో, గరుకు గుడ్డతో, గుండ్రంగా తిప్పుతూ గట్టిగా రుద్దినాము. నలుపు పోయినది. దానితోపాటు వెండి కూడ పోయి, అడుగున అరచేతి వెడల్పున పచ్చని ఇత్తడి తేలినది. పెద్దాయన గిన్నెను చేతికి తీసుకొని, అందులో తమ ముఖం చూచుకొని, “ఇత్తడి బాగానే మెరిసింది” అన్నారు. అంతకంటె ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని మాకు తోచినది.

కుడి దీపం విషయంలో బుద్ధి తెచ్చుకొన్నాము. పూత అరిగిపోక, నల్లబడి మాత్రమే ఉంటే గీకవలసిన పని లేదు. అల్యూమినియం పాత్రలో వేడినీరు పోసి, చాకలి సోడా కలిపి, దర్పణం పాత్రకు తగిలేటట్లు ముంచితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. అల్యూమినియం గంధకాన్ని తనవైపు లాగుకొంటుంది. సల్ఫైడులోని వెండి తిరిగి వెండిగానే నిలుస్తుంది. కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన కొంచెం వస్తే పని జరుగుతున్నదని గుర్తు. తరువాత మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, కంసాలులు మెరుగుకు వాడే ఎర్రపొడిని మెత్తని దూదితో అద్ది, నడిమినుండి అంచువైపు తేలికగా తుడవాలి. గుండ్రంగా తిప్పరాదు. వట్టి వ్రేలితో ముట్టరాదు. ఆ ముద్ర కొన్నాళ్ళకు మచ్చగా తేలుతుంది.

ఎడమ దర్పణానికి మాత్రం కొత్త పూత తప్పలేదు. దానికి క్రమం ఉన్నది. ముందు సొట్టలను కొయ్యదిమ్మెమీద సరిచేయాలి. పూత ఎంత మంచిదైనా సొట్టను కప్పదు. పాత వెండిని తీసి, ఇత్తడిని అద్దంవలె నునుపు చేయాలి. ముందుగా అతి పలుచని తొలిపూత పట్టించి, ఆ పిమ్మట అసలు పూత వేయాలి. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే సుమారు 4 గ్రాముల వెండి పేరుకొంటుంది. పైన చెప్పిన కొలతల గిన్నెకు మిల్లీమీటరులో నూరవవంతు మందాన పూత వేయుటకు దాదాపు 5 గ్రాములు చాలును. పెండ్లి ఇంట ఒక చిన్న కుంకుమభరిణకు పట్టే వెండి అంతకంటె ఎక్కువ.

ఈ ద్రావణంలో సయనైడు ఉంటుంది. దానికి ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. కనుక మన ప్రయోగశాలలో ప్రయత్నిద్దామని ఏ విద్యార్థి అయినా ఉత్సాహపడితే, కమిటీవారు అనుమతించరాదని మా మనవి. అనుభవజ్ఞులైన పనివారి చేతికే ఇవ్వాలి. మేమూ అట్లే చేసినాము.

వెండికి బదులు శూన్యపాత్రలో అల్యూమినియం ఆవిరి పట్టించి, పైన రక్షణపొర వేసే పద్ధతి కూడ ఉన్నది. అది తొందరగా నల్లబడదు. వానలో, ధూళిలో తిరిగే బండికి అదే మేలని మా అభిప్రాయం. ఏడాదికి రెండుమూడు మార్లు బయటికి వచ్చే ఈ కారుకు వెండియే తగును.

దర్పణాలు బాగుపడినా వెలుగు మేము ఆశించినంత రాలేదు. కారణం తీగలలో కనిపించినది. ఈ కారు బ్యాటరీ 6 వోల్టులది. తుప్పు పట్టిన కీలులో అర వోల్టు నష్టమైతే బల్బు వెలుగులో నాలుగవవంతు తగ్గిపోతుంది. దీపపు స్తంభం చట్రాన్ని తాకేచోట రంగు, తుప్పు గీకివేసి బిగించగానే కాంతి తెల్లబడినది.

చివర, సమతలమైన నేలమీద కారును తెల్లగోడకు 25 అడుగుల దూరాన నిలిపి, ఒక దీపానికి గుడ్డ కప్పి రెండవదానిని, పిదప దానిని కప్పి మొదటిదానిని సరిచూచినాము. దీపం వెనుకనున్న మర త్రిప్పితే తీగ ముందువెనుకలకు జరుగుతుంది. అద్దంమీది నిలువుచారలు వెలుగును ఇరువైపులా పరచుటకు ఉద్దేశించినవి గనుక, అద్దాన్ని ప్రక్కకు తిప్పి బిగించరాదు. గోడమీద రెండు వెలుగులూ సమాన ఎత్తున నిలిచేసరికి రాత్రి పదకొండు దాటినది. పెద్దాయన కుర్చీ తెప్పించుకొని అంతసేపూ అక్కడనే కూర్చున్నారు. పెండ్లినాటి రాత్రి కారు తామే నడిపినారు.