పక్షుల లెక్క... రెజ్యూమెలో పక్కా!

రెజ్యూమెలో ప్రాజెక్టు అనగానే టైటానిక్ డేటాసెట్టేనా? ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అది చూసి చూసి విసుగొచ్చి ఉంటుంది. సొంతంగా సేకరించిన డేటా అయితే మీకు చెప్పడానికి బోలెడుంటుంది.

నార్సింగికి దగ్గర్లోనే గండిపేట చెరువుంది. ఫిబ్రవరి, మార్చిలో ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లండి. కొత్తవాళ్లయితే దక్కన్ బర్డర్స్ లాంటి సంస్థల బర్డ్ వాక్‌లో చేరడం మేలు. తెలిసినవాళ్లు పక్కనుంటే పాలపిట్ట, కొంగలే కాదు, తూర్పు యూరప్, మధ్య ఆసియాల నుంచి చలికాలానికి వలస వచ్చే గులాబీ గోరింకలనూ గుర్తుపట్టొచ్చు. ఎండలు ముదిరాక అవి తిరుగుముఖం పడతాయి.

చూసినవన్నీ ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికుల ఇలాంటి నమోదులతోనే ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది.

నెల రోజుల జాబితాలను పైథాన్‌లో విశ్లేషించండి. అసలు చిక్కు అక్కడే ఉంది. రెండు గంటలు తిరిగిన రోజు ఎక్కువ పక్షులు కనిపిస్తాయి, అరగంట తిరిగిన రోజు తక్కువ. మరి పెరిగింది పక్షులా, మీరు వెచ్చించిన సమయమా? అందుకే ప్రతిసారీ 15 నిమిషాల జాబితాలే రాయండి, పోలిక సులువవుతుంది. ఇంటర్వ్యూలో ‘ఈ డేటాను ఎందుకు నమ్మాలి?’ అని అడిగితే, తడుముకోకుండా చెప్పడానికి మీ దగ్గర జవాబుంటుంది.