పగడపు తొట్టిలో పాచి

చెరువు మెట్లకును, నీటితొట్టి గోడలకును, వానకాలమున పెరటి రాళ్ళకును పాచి పట్టుట అందరెరిగినదే. ఎవరును నాటకయే అది మొలచును. ఎవరును పోషింపకయే పెరుగును. కాలు జారనంతవరకు దాని నెవరును పట్టించుకొనరు. కాని ఇంటిలో గాజుతొట్టియందు పగడములను పెంచువారికి పాచి పెద్ద సమస్య. ఏండ్ల తరబడి పెంచిన పగడములను అది కొలది నెలలలో కప్పివేసి చంపగలదు. దానిని అదుపునందుంచుట యెట్లో తెలియవలెనన్నచో, ముందుగా ఆ తొట్టిలో సాగు జీవనమును గ్రహింపవలెను.

అమెరికా, జర్మనీ, జపాను మొదలగు దేశములలో అనేకులు ఇండ్లయందు ఇట్టి సముద్రపు తొట్లను పెంచుచున్నారు. రెండు మూడు వందల లీటర్ల నీరు పట్టు తొట్టి యొకటి యున్నదనుకొందము. శుద్ధమైన నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రలవణముల మిశ్రమమును కరగింతురు. నీటి వేడిమిని 25, 26 డిగ్రీల సెంటిగ్రేడునొద్ద నిలుపుదురు. అలలకు బదులు చిన్న మోటార్లు నీటిని కదలించుచుండును. సూర్యునకు బదులు దీపములు వెలుగుచుండును. రంధ్రములతో నిండిన రాళ్ళను పేర్చి వానిపై పగడముల నమర్చుదురు. నడుమ నాలుగైదు రంగుల చేపలు తిరుగాడుచుండును.

పగడము చూచుటకు రాయివలెను, పువ్వువలెను కనబడినను అది జంతువు. పాచిజాతిని శాస్త్రజ్ఞులు శైవలము లందురు. కంటికి కానరాని ఏకకణ శైవలములు పగడముయొక్క మెత్తని శరీరములో లక్షలకొలది నివసించును. అవి వెలుతురు సాయమున ఆహారమును తయారుచేసి, అందు పెద్దభాగమును పగడమునకిచ్చును. పగడము వానికి నివాసమును, తన విసర్జకములనుండి ఎరువును సమకూర్చును. లోపలనున్న శైవలము పగడమునకు ప్రాణాధారము. వెలుపల మొలచు శైవలము దానికి ప్రాణాంతకము. ఈ రెండును వెలుతురునే కోరును, ఎరువునే కోరును. కావుననే దీపములార్పి పాచిని చంపబూనినచో పగడమును క్షీణించును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

క్రొత్త తొట్టిలో మొదట ఇసుకపై గోధుమరంగు పొర పరచుకొనును. ఇది డయాటము లను సూక్ష్మ శైవలముల పని. నీటిలోని సిలికా తరిగినకొలది ఇది సాధారణముగ కొన్ని వారములలో తనంత తానే పోవును. పిదప జుట్టువలె పెరుగు ఆకుపచ్చని పాచియు, గోళీలవంటి బుడగల పాచియు రావచ్చును. ఎర్రని జిగటపొర మరియొకటి. అది నిజమునకు శైవలము కాదు, సయనోబాక్టీరియా యను ఒక విధమగు బాక్టీరియా. ఇవన్నియు పగడముల యంచులపైకి ప్రాకి వెలుతురు నడ్డగించును; నీటి కదలికను మందగింపజేయును; రాత్రులందు ప్రాణవాయువును హరించును. పాచి తాకినచోట పగడపు చర్మము వెనుకకు తగ్గి తెల్లని అస్థిపంజరము బయలుపడును. ఆ తెల్లని చోట మరల పాచియే మొలచును.

ఇది చూచి కలతచెందిన యజమాని తరచుగా మందులకు పరుగెత్తును. పాచిని చంపు మందులు అంగళ్ళలో దొరకును. కాని వానిలో రాగి కలిసినవి నత్తలను, పగడములను గూడ చంపును. ఏ మందు వలననైనను పాచి యంతయు ఒక్కసారి చచ్చినచో అది తొట్టిలోనే క్రుళ్ళును. క్రుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు నీటిపైకి వచ్చి రొప్పును. అంతేకాక, క్రుళ్ళిన పాచి మరల ఎరువుగా మారి క్రొత్త పాచికి ఆహారమగును. వేరును విడిచి ఆకును త్రుంచిన కలుపువలె అది రెట్టింపుగా మొలచును.

ఈ ఎరువు ఎచ్చటనుండి వచ్చుచున్నది? యజమాని చేతినుండియే. చేపలకు వేసిన మేతలో నత్రజనియు భాస్వరమును ఉండును. చేపలు తిన్నది కొంత మలమగును. తినక మిగిలినది క్రుళ్ళును. రెండింటినుండియు అమ్మోనియా పుట్టును. రాళ్ళపైనుండు బాక్టీరియములు దానిని నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. రాళ్ళ లోపలి గదులలో ప్రాణవాయువు లేనిచోట నివసించు వేరు బాక్టీరియములు నైట్రేటును నత్రజని వాయువుగ మార్చి గాలిలోనికి పంపివేయును. భాస్వరమున కట్టి మార్గము లేదు. తొట్టిలో పడిన భాస్వరము ఫాస్ఫేటుగ మారి, ఎవరో తీసివేయువరకు అందే యుండును. కొంత రాళ్ళకు పట్టి, నెలల తరువాత మెల్లమెల్లగ విడుదలయగును.

మరియొక దారి నీరు. తొట్టినుండి ప్రతిదినము కొంత నీరు ఆవిరియగును. ఆవిరియగునది శుద్ధమైన నీరే. అందలి లవణములన్నియు తొట్టిలోనే నిలుచును. ఆ వెలితిని కుళాయినీటితో పూరించినచో, ఆ నీటిలోని నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా దినదినము పోగగును. కనుక అనుభవజ్ఞులు సన్నని పొరలగుండ వడగట్టిన శుద్ధజలమునే పోయుదురు.

నీటిలోని జీవులన్నియు ఒకదానిపై నొకటి యాధారపడు తీరును గాజుపాత్రలో తొలుత చూపినవారిలో రాబర్ట్ వారింగ్టన్ ఒకడు. ఈ లండను నగర రసాయనశాస్త్రజ్ఞుడు తన ప్రయోగమును 1850లో ప్రకటించెను. పాత్రలో బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచగా, కొంతకాలమునకు మొక్క ఆకులు క్రుళ్ళి నీరు మురికియయ్యెను; గాజుగోడలపై ఆకుపచ్చని జిగట పట్టెను. అంతట అతడు కొన్ని చెరువునత్తలను అందు విడిచెను. అవి క్రుళ్ళిన ఆకులను, జిగటను తిని నీటిని తేటపరచెను. వాని గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. చేప, మొక్క చాలలేదు. మేయు జీవియు కావలసివచ్చెను.

మేయు జీవులు లేనిచో నేమగునో సముద్రమే యొకసారి చూపినది. కరిబియన్ సముద్రములోని పగడపు దిబ్బలపై పొడుగైన నల్లని ముండ్లుగల సీ అర్చిన్ అను జీవులు పాచిని మేయుచుండెడివి. 1983, 1984 సంవత్సరములలో ఒక రోగము వ్యాపించి వానిలో నూటికి తొంబదికి పైగా నశించెను. జమైకా తీరమున పాచిని తిను చేపలను అంతకుముందే జాలరులు మితిమీరి పట్టియుండిరి; 1980లో పెనుతుపాను పగడములను విరుగగొట్టియుండెను. మేయువారు లేని దిబ్బను పాచి ఆక్రమించెను. 1970ల చివర ఆ దిబ్బలపై సగమునకు పైగా పరచుకొనియున్న పగడము, 1990ల తొలినాళ్ళకు నూటికి ఐదు పాళ్ళకు లోబడెనని టెరెన్స్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు 1994లో తెలిపెను. అంతటి సముద్రమునకే తప్పని ఆపద గాజుతొట్టికి తప్పునా?

కావున పాచిని అదుపుచేయుట అనగా రాకపోకల లెక్కను సరిచూచుట. మొదట రాకను తగ్గింపవలెను: చేపలు రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే మేత వేయవలెను, చేపల సంఖ్యను మితముగ నుంచవలెను. పిదప పోకను పెంచవలెను: పొడుగు పాచిని చేతితో పెరికి వెలుపల పారవేయుట మంచిది, ఏలయన దానితోపాటు అది త్రాగిన ఎరువును పోవును. వారమునకొకసారి నీటిలో పదవవంతును మార్చుట పలువురి అలవాటు. సన్నని గాలిబుడగలతో నురుగు పుట్టించి, ఆ నురుగుతో మలినములను వెలికితీయు యంత్రములును కలవు. నత్తలు, సీ అర్చిన్లు, పాచిని తిను చేపలు మిగిలిన పనిని చేయును.

ముల్లును ముల్లుతోనే తీయవలెనను సామెత ఇచ్చటను చెల్లినది. వాల్టర్ ఏడీ అను శాస్త్రజ్ఞుడు వాషింగ్టను నగరమున స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో 1980లో పగడపు దిబ్బ నమూనాను నిలిపెను. దాని నీటిని దీపముల క్రింద నుంచిన జల్లెడలమీదుగ పారించి, ఆ జల్లెడలపై పాచిని కోరి పెంచి, అప్పుడప్పుడు గీకి తీసివేయుచుండెను. ఎరువునంతయు జల్లెడపై పాచి త్రాగుటచే దిబ్బపై పాచికి తిండి కరవయ్యెను. నేడు ఇండ్లలో పెంచువారును తొట్టి ప్రక్కన వేరు గదిలో శైవలమును పెంచి, కోసివేయుచుందురు.

ఇందును మితము అవసరము. ఎరువు బొత్తిగ లేకుండ చేసినచో పగడముల రంగు వెలవెలబోవును. పైగా డైనోఫ్లాజెల్లేటు లను సూక్ష్మజీవులు కొన్ని తొట్లలో జిగటతెరగా వ్యాపించును. వానిని తొలగించుట జుట్టుపాచిని తొలగించుట కంటె కష్టము. పగడములకు చాలినంత, పాచికి మిగులనంత ఎరువుండుటయే లక్ష్యము. రాళ్ళలో పోగైన ఫాస్ఫేటు మెల్లగ విడుదలయగును గనుక, మార్పు కనబడుటకు నెలలు పట్టును. రెండు వారములకే ఓర్పు కోల్పోయి మందును పోయువాడు మరల మొదటికే వచ్చును.

మన దేశమున రాతిపగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద రక్షింపబడుచున్నవి. వానిని సముద్రమునుండి తీయుట నేరము. మన్నారు సింధుశాఖయందును, లక్షద్వీపములయందును, అండమాను దీవులయందును గల దిబ్బలకు గాజుతొట్టి నేర్పిన పాఠమే వర్తించును. తీరమునుండి మురుగుతో వచ్చు ఎరువును తగ్గించుట, పాచిని మేయు చేపలను బ్రతుకనిచ్చుట, ఈ రెండును వానికి రక్షణ. పాచి ఎచ్చట దట్టముగ మొలచునో అచ్చట ఎవరో పెట్టిన తిండి మిగిలియున్నదని తెలియవలెను. పాచిని నిందించుటకు ముందు ఆ మిగులు ఎచ్చటిదో వెదకువాడే తన తోటను కాపాడుకొనును.