పాత లారీ అమ్మాలా, ఉంచుకోవాలా? మా ఇంట్లో వేసిన లెక్క



పోయిన నెల పెట్టిన ఒక చిన్న వీడియోకి మన ఛానెల్లో ఎప్పుడూ రానన్ని వ్యూస్ వచ్చాయి. అందులో నేను ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. చెన్నేకొత్తపల్లిలో మా కళ్లం, చింతచెట్టు, దాని కింద ఒక పాత లారీ, లారీ ముక్కు మీద బెంజ్ నక్షత్రం. అంతే. ఇక కామెంట్లు చూడాలి. "బ్రో, అమ్మొద్దు, అది బంగారం." "బ్రో, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించు, రేటు పదింతలు అవుతుంది." "బ్రో, పదహైదేళ్లు దాటింది, సీజ్ చేస్తారు, వెంటనే తోసెయ్."

ఈ మూడు మాటలూ నేను నిజమనే అనుకున్నా. తర్వాత రూల్స్ చదివాను, మెకానిక్‌ని పిలిపించాను, మా నాయనతో కూర్చుని మాట్లాడాను. అప్పుడు అర్థమైంది, మూడింట్లో ఒక్కటి కూడా మా లారీకి సరిపోదని. మీ ఇంట్లో కూడా తాతల కాలం నాటి లారీయో, ట్రాక్టరో, జీపో మూలన పడి ఉంటే ఈ ఎపిసోడ్ మీకే.

ఆ నక్షత్రం కథ

టాటా మోటార్స్‌ని అప్పట్లో టెల్కో అనేవాళ్లు. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969తో ముగిసింది. అందుకే అప్పటిదాకా వచ్చిన బండ్ల మీద నక్షత్రం ఉంటుంది, ఆ తర్వాత దాని జాగాలో టాటా గుర్తు వచ్చింది. మాది 1967 మోడల్. మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, దాన్ని 1983లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇక్కడి చెనిక్కాయలు ధర్మవరం, హిందూపురం మిల్లులకు, హిందూపురం చింతపండు బెంగుళూరుకు. మా నాయన చదువు ఆపేసి క్లీనర్‌గా ఎక్కాడు, తర్వాత డ్రైవర్ అయ్యాడు. నా బీటెక్ మొదటి ఏడాది ఫీజు ఆ లారీ దాచిన డబ్బుతోనే కట్టారు.

2011లో బండి ఆగిపోయింది. ఇంజను పోయి కాదు, లోడ్లు లేక. నేషనల్ పర్మిట్ మామూలు లారీకి 12 ఏళ్ల వయసు వరకే, మల్టీ యాక్సిల్‌కి 15 ఏళ్ల వరకే ఇస్తారు. కాబట్టి మాది ఎప్పటి నుంచో లోకల్ బండే. 2005లో టాటా ఏస్ వచ్చాక ఆ లోకల్ లోడ్లు కూడా చిన్న బండ్లకు పోయాయి. దూరం లోడ్లు హైవే మీద పెద్ద బండ్లవి. 2016లో మా అబ్బ పోయాడు. లారీ మాత్రం చింతచెట్టు కిందే ఉంది.

మొదటి మాట: పదహైదేళ్లు దాటితే సీజ్

మనందరం ఫోన్లో చూసే ఆ వార్త ఢిల్లీది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో గాలి కాలుష్యం వల్ల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదహైదేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఆర్డర్ మన ఊరికి వర్తించదు.

మనకి అసలు పరీక్ష ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్. సరుకు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ చేయించాలి. ఎఫ్‌సీ లేని సరుకు బండికి రిజిస్ట్రేషన్ ఉన్నా చట్టం దృష్టిలో లేనట్టే. పాతబడే కొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది. 15 ఏళ్లు దాటిన భారీ లారీకి 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలని కేంద్రం నోటిఫై చేసింది. ఆ రేట్లు మారుతూ ఉంటాయి, కాబట్టి పోయే రోజున ఎంతుందో చూసుకోండి.

అయితే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ నిబంధనలన్నీ బండిని రోడ్డు మీద తిప్పితేనే. మన సొంత జాగాలో నడపకుండా నిలబెట్టుకున్న లారీని పాతదయిందని ఎవరూ వచ్చి పట్టుకుపోరు.

రెండో మాట: వింటేజ్ రిజిస్ట్రేషన్

నేను బోల్తా పడింది ఇక్కడే. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటాలి, ఛాసి, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఫీజు 20,000, పదేళ్ల గడువు, నంబర్ ప్లేటు మీద 'వీఏ' అని ప్రత్యేక అక్షరాలు. చదువుతూ ఉంటే నాకు ఒకటే సంతోషం. మాది 1967, యాభై ఎప్పుడో దాటింది కదా.

తర్వాత డెఫినిషన్ చదివాను. కోడ్ రాసే అలవాటు ఉన్నోళ్లకి తెలుసు, అసలు బగ్ ఎప్పుడూ డెఫినిషన్ లోనే ఉంటుంది. ఆ రూలు వర్తించేది టూ వీలర్లకు, ఎమ్1 కేటగిరీ బండ్లకు. ఎమ్1 అంటే మనుషులు కూర్చునే కార్లు, జీపుల్లాంటివి. సరుకు మోసే లారీ ఎన్ కేటగిరీ. అంటే మా లారీకి యాభై కాదు, వందేళ్లు నిండినా ఆ రూల్లో చోటు లేదు.

ఒకవేళ మీ దగ్గర పాత జీపు ఉండి వింటేజ్ ప్లేటు తెచ్చుకున్నా, రోజూ తిప్పడానికి గానీ, బాడుగకు గానీ వాడకూడదు. ర్యాలీ, ఎగ్జిబిషన్, డీజిల్ పోయించుకోవడం, రిపేరు, ఇలాంటి పనులకే బయటకు తీయాలి.

మూడో మాట: అది బంగారం

పాత లారీకి రేటు రెండు రకాలు. ఒకటి తూకం రేటు, రెండోది ఇష్టం రేటు. తూకం రేటు ఎవరైనా వెయ్యొచ్చు. బండి ఖాళీ బరువు నాలుగు టన్నులు, ఇనుము కిలో 30 రూపాయలు అనుకుంటే 1,20,000. ఇష్టం రేటు మాత్రం కొనేవాడు దొరికిన రోజే తెలుస్తుంది. కార్లు దాచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, లారీ దాచుకునేవాళ్లు తక్కువ. ఎందుకో ఊహించండి. కారుకి ఇంట్లో ఒక షెడ్డు చాలు. లారీకి ఒక చిన్న ఇల్లంత జాగా కావాలి.

ఇంకొకటి. ఆ రోజుల్లో చాలా లారీలకు కంపెనీ ఇచ్చేది ఛాసి, ఇంజను, ముందు బానెట్ భాగం వరకే. క్యాబిన్, వెనక బాడీ మనమే కట్టించుకోవాలి. కట్టెతో, రేకుతో, వడ్రంగి చేత్తో. కాబట్టి చూడ్డానికి వచ్చినాయన మా నాయన ముచ్చటపడి రంగులు వేయించిన బాడీ వైపు చూడను కూడా చూడలేదు. బానెట్, గ్రిల్, ఇంజను నంబరు, ఛాసి నంబరు, ఆర్‌సీ పుస్తకం. ఈ ఐదే చూశాడు.

ఉంచుకుంటే ఖర్చెంత

మెకానిక్ వచ్చి ఒక పూట మొత్తం చూశాడు. పద్నాలుగేళ్లు నిలబడిన బండిలో ఏమవుతుందంటే, డీజిల్ ట్యాంకులో నీరు చేరి లోపల తుప్పు పడుతుంది, పంపు జామ్ అవుతుంది, బ్రేకులు పట్టేసుకుంటాయి, రబ్బరు పైపులు పగిలిపోతాయి. ఒకే జాగాలో బరువు మోసి మోసి టైర్లు కింద చదునైపోతాయి. క్యాబిన్ కట్టెకి చెదలు పట్టి ఉంది. స్టెప్నీతో కలిపి ఏడు టైర్లకే మేము అడిగిన చోట లక్ష దాటింది. తుప్పు పనులు, ఇంజను పని, షెడ్డు అన్నీ కలిపితే మూడున్నర లక్షలు. ఇంత పెట్టాక కూడా నెలకోసారి ఎవరో ఒకరు స్టార్ట్ చెయ్యాలి. నేను ఉండేది బెంగుళూరులో. మరి ఆ ఎవరో ఒకరు ఎవరు? మోకాళ్ల నొప్పులున్న మా నాయన.

హైదరాబాద్‌లో ఆర్టీసీ వాళ్లు నిజాం కాలం నాటి అల్బియన్ బస్సు ఒకదాన్ని దాచిపెట్టారు. 1932లో 27 బస్సులతో మొదలైన సర్వీసు గుర్తు అది. హర్యానాలోని తావ్‌డూలో 2013 నుంచి రవాణా బండ్ల కోసమే ఒక మ్యూజియం నడుస్తోంది. వాళ్లు ఎందుకు దాచగలిగారు? నీడ ఉంది, మెకానిక్‌లు ఉన్నారు, ప్రతి ఏడాదీ దానికని పక్కన పెట్టే డబ్బు ఉంది. మా చింతచెట్టు కింద ఈ మూడూ లేవు.

కాగితాలు: అసలు తలనొప్పి

ఆర్‌సీ ఇంకా మా అబ్బ పేరు మీదే ఉంది. ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. మేము తొమ్మిదేళ్లు పట్టించుకోలేదు. పైగా లారీ మా నాయన ఒక్కడిదే అనుకుంటూ వచ్చాం. కాదు. మా ఇద్దరత్తలకూ సమానంగా వాటా ఉంది. తహశీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అత్తల సంతకాలు కావాలి.

ఇంత పాత బండి రికార్డు ఆన్‌లైన్‌లో కనపడకపోవచ్చు. ఆఫీసుకే పోయి, రికార్డు ఉందా, ట్యాక్స్ బాకీ ఎంత అని అడగాలి. సరుకు బండికి మూడు నెలల ట్యాక్స్ ఉంటుంది. బండి ఆపేస్తున్నామని ముందే రాసి ఇవ్వకపోతే ఆ బాకీ పేరుకుపోతూ ఉంటుంది. 2011లో మా అబ్బ రాసిచ్చిన అర్జీ కాపీ, ఆఫీసు ముద్రతో సహా, ట్రంకు పెట్టెలో దొరికింది. ఐదో తరగతి చదివిన మనిషి, బీటెక్ చదివిన నాకంటే జాగ్రత్తగా కాగితం దాచాడు.

తుక్కు కింద ఇచ్చేవాళ్లు కూడా వినండి. గుజిరీ అంగడి వాడికి డబ్బు తీసుకుని ఇచ్చేస్తే లారీ పోతుంది కానీ ఆర్‌సీ బతికే ఉంటుంది. రేపు ఆ నంబరు ఇంకో బండి మీద తిరిగితే పోలీసులు మన ఇంటికే వస్తారు. 2021 రూల్స్ ప్రకారం రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ సెంటర్లో ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, ఆర్‌సీ రద్దవుతుంది. ఆ సర్టిఫికెట్‌తో కొత్త సరుకు బండి కొంటే ట్యాక్సులో 15 శాతం వరకు తగ్గించే వీలు కూడా పెట్టారు. మనుషులకే అమ్మితే ఫారం 29, 30 పెట్టి పేరు మార్చాల్సిందే. బండి అమ్మేసినా రికార్డులో పేరు ఉన్నవాడే ఓనర్ అని, యాక్సిడెంట్ పరిహారం ఆయన మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మా నాయన ఏమన్నాడు

లెక్కంతా ఎక్సెల్‌లో వేసుకుని ఇంటికి పోయాను. తుక్కు రేటు 1,45,000 వచ్చింది. దాచుకుంటానన్న ఆయన 1,20,000 ఇస్తానన్నాడు. నేను భయం భయంగానే చెప్పాను. "నాయనా, నీకు ఆ బండి అంటే ప్రాణమని తెలుసు. కానీ..."

ఆయన మధ్యలోనే ఆపాడు. "నాకేమి పెట్టుకోవల్లని లేదురా. నీకు ఇష్టమని పెట్టినా. చిన్నప్పుడు దాంట్లోనే ఆడుకుంటివి కదా."

పద్నాలుగేళ్లుగా ఆయన నాకోసం ఉంచాడు, నేను ఆయన కోసం ఉంచాలనుకున్నా. మధ్యలో లారీ తుప్పు పట్టిపోయింది. ఒక్కరోజైనా ఒకరినొకరం అడిగి ఉంటే సరిపోయేది.

తుక్కు మాట ఎత్తితే మాత్రం ఆయన మొహం మారింది. "కోసేదానికి ఇయ్యొద్దు" అన్నాడు. పెద్దత్తకి ఫోన్ చేశాం. ఆమె సూటిగా చెప్పింది, "నాకు మనవరాలి ఫీజు ఉందప్పా, ఎక్కువ ఎవరిస్తే వాళ్లకియ్యండి." అందులో తప్పేముంది? వాటా ఆమెది, అవసరం ఆమెది. రెండు రేట్లకు తేడా 25,000. ముగ్గురు వాటాదార్లు. అంటే లారీని కోయకుండా ఉంచాలనే మా కోరికకి పెద్దత్త 8,333 రూపాయలు కట్టాల్సి వస్తోంది. ఆ డబ్బు నేను పంపించాను. అదే మొత్తం చిన్నత్తకి కూడా పంపాను, ఆమె అడగకపోయినా. మా నాయన వాటా తేడా మా నాయనే భరిస్తానన్నాడు.

నాకు ఈ వ్యవహారం అంతట్లో తెలిసింది ఇదొక్కటే. జ్ఞాపకానికి ఒక బిల్లు ఉంటుంది. "అమ్మొద్దు" అనే ముందు ఆ బిల్లు ఎవరు కడుతున్నారో చూడాలి. వ్యూస్ వచ్చేది నాకు, నొప్పులతో గ్రీజు కొట్టేది నాయన, వాటా నష్టపోయేది అత్త అయితే, అది ప్రేమ అనిపించుకోదు.

మీ ఇంట్లో కూర్చుని ఇవి అడుగుకోండి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, వారసులు ఎంతమంది? తూకం రేటు ఎంత? రాబోయే ఏడాదిలో దాని మీద పెట్టే డబ్బు, చేసే మనిషి, నిలబెట్టే నీడ, మూడూ ఉన్నాయా? ఉంటే హాయిగా ఉంచుకోండి. లేకపోతే ఒక తేదీ పెట్టుకుని అమ్మండి. ఉంచుకోకుండా, అమ్మకుండా ఊరికే వదిలేయడం మాత్రం వద్దు. అలా వదిలేస్తే చెదలకి ఉచితంగా ఇచ్చినట్టే.

మా లారీ ఇంకా చింతచెట్టు కిందే ఉంది. ఫారం 31 పని నడుస్తోంది. అడ్వాన్స్ కూడా తీసుకోలేదు, పేరు మారాకే డబ్బు, అప్పుడే బండి. తీసుకుపోయే రోజు ట్రైలర్ మీదే ఎక్కించాలి, రోడ్డు మీద నడపడానికి లేదు కాబట్టి. ఆ రోజు వీడియో తీయనా అని అడిగితే మా నాయన, "తియ్, కానీ నన్ను తియ్యొద్దు" అన్నాడు. అలాగే చేస్తాను.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.