ఊరమిరపకాయలకు ఒక్కరోజు సెలవు చాలదు

సత్యవేడు: ఎండలు ముదిరాయంటే మిద్దెల మీద, వాకిళ్లలో పాతచీరలు పరిచి వడియాలు, ఒరుగులు ఎండబెట్టుకోవడం ఈ తట్టు పల్లెల్లో ఆనవాయితీ. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ మొదలయ్యాక ఆ తీరిక తగ్గింది. కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోయే ఆడవాళ్లకు వారానికొక్క సెలవే మిగిలింది.

ఊరమిరపకాయల సంగతే చూడండి. కాయలకు గాటు పెట్టి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా నానేస్తారు. పొద్దున తీసి ఎండేస్తారు. సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలోకి. మజ్జిగంతా పీల్చుకునేదాకా ఇదే వరస. ఆపైన గలగలలాడేట్టు ఎండాలి. ఒక్క సెలవులో తెమిలే పనా ఇది? అందుకే కొన్ని ఇళ్లలో కోడలు సెలవురోజు నానేసి పోతే, మిగతాది అత్త చూసుకుంటోంది.

ఆమెకది పనిలాగా ఉండదు. కాకుల్ని తోలే కర్ర పక్కన పెట్టుకుని వేపచెట్టు నీడన కూర్చోవడమే. మధ్యాహ్నం ఎండకు ఇంకే పనీ సాగదు గనక అదే విశ్రాంతి. నైట్‌షిఫ్టు దిగొచ్చిన కోడలు కూడా కాసేపు అక్కడే చాపమీద నడుం వాలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు లేనివాళ్లు మాత్రం అంగట్లో పొట్లాలు కొనుక్కుంటున్నారు.